రైలు కట్ట కింద నీళ్లు ఎవరివి?

ప్రశ్న: అయ్యా, మా ఊరి దగ్గర రైలు గేటు తీసేసి కట్ట కింద దారి వేశారు. వాన పడితే నడుం లోతు నీళ్లు. రోడ్డు ఆఫీసుకి వెళ్తే రైల్వేని అడగమంటారు, స్టేషన్‌కి వెళ్తే అది రోడ్డువాళ్ల పనంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయేమో అక్కడ రోడ్లూ రైళ్లూ ఒకే ప్రభుత్వ శాఖ చూస్తుందంటున్నాడు. ఒడిశాలో అలాంటిది లేదా?
– ఒక రిటైర్డ్ మాస్టారు, గజపతి జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే మాస్టారూ. విక్టోరియా రాష్ట్రం రోడ్ల సంస్థనీ, ప్రజా రవాణా చూసే సంస్థనీ 2019లో ఒకే శాఖ కిందికి తెచ్చింది. అక్కడ ఊరి రైళ్ల పట్టాలు రాష్ట్రం సొత్తు కాబట్టి కుదిరింది. మనకి రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోనే రైల్వేలు కేంద్రానికి, మామూలు రోడ్లు రాష్ట్రానికి అని పంచేశారు, అందుకని భువనేశ్వర్‌లో ఎన్ని శాఖలు కలిపినా పట్టాల మీద అజమాయిషీ రాదు. రైల్వేతో వాటా కలిపి పెట్టుకున్న కంపెనీ ఒడిశాకి ఒకటుంది, మహారాష్ట్రకి మహారైల్ ఉంది, కానీ అవి కొత్త లైన్లూ వంతెనల్లాంటి పనులు చేపట్టడానికి పెట్టినవి, మీ గుంటలో నీళ్లు తోడడానికి కాదు.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. పక్కనున్న కిలోమీటరు రాయి చూడండి, తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్రానిది, నారింజైతే పల్లె రోడ్డు. నరసన్నపేట నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా మోహనా వెళ్లే 326ఎ జాతీయ రహదారే. జాతీయ రహదారి అనగానే మనవాళ్లు జాతీయ రహదారుల సంస్థ నంబరు 1033కి ఫోన్ కొట్టేస్తారు గానీ, అన్నీ ఆ సంస్థ చేతిలో ఉండవు, కొన్నిటిని రాష్ట్ర వర్క్స్ శాఖలోని ఎన్.హెచ్. డివిజన్లే చూస్తాయి.

నేనూ ఒకప్పుడు ఇలాంటి గేటు గురించే మూడు ఆఫీసులు తిరిగాను. మూడో చోట గుమస్తా "ఇది ఆంధ్రాది కదా సార్" అన్నాడు, గేటు పక్కన ఒడియా బోర్డు ఉందని మొత్తుకున్నా వినలేదు!

కాబట్టి తిరగడం మానేసి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. పది రూపాయల ఫీజు. ఆ దారి కట్టినప్పుడు నీళ్లు తోడే బాధ్యత ఎవరిదని రాసుకున్నారో ఆ కాగితం నకలు అడగండి. గేటు నంబరో, వంతెన గోడ మీద రాసిన నంబరో తప్పకుండా వెయ్యండి, లేకపోతే ఏ వంతెన అని వెనక్కి రాస్తారు. అర్జీ వేరే ఆఫీసుకి చెందినదైతే, చట్టం 6(3) ప్రకారం వాళ్లే అయిదు రోజుల్లోగా అక్కడికి పంపాలి, "మాది కాదు" అని మీ చేతిలో పెట్టడానికి లేదు. ఒక్క ఇబ్బంది, అర్జీ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతం అధికార భాషలో గానీ ఉండాలి. ఒడిశాలో తెలుగు ఆ లెక్కలోకి రాదు, అది మన ఖర్మ. ఇంట్లో ఒడియా మీడియం చదివిన పిల్లలుంటే వాళ్ల చేత రాయించండి.

ప్రశ్న: మా గుణుపురం లైను ఇప్పుడు విశాఖ కిందా, రాయగడ కిందా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: సగం సగం అమ్మా. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పంపకంలో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్‌కి, అక్కడి నుంచి గుణుపురం దాకా కొత్త రాయగడ డివిజన్‌కి వెళ్లింది. ఒకటి దక్షిణ కోస్తా జోన్, ఇంకొకటి తూర్పు కోస్తా. 1900లో పర్లాకిమిడి రాజావారు నేరోగేజి బండి వేయించినప్పుడు మొత్తం ఒక్క యజమానిదే, ఇప్పుడు ఒక్క లైనుకి ఇద్దరు. టికెట్, బండి వేళల సంగతికి మాత్రం ఎక్కడైనా 139 చాలు.

ప్రశ్న: మా గేటు మీద పైవంతెన ఎప్పుడు?
– రాయగడ పాఠకుడు

జవాబు: ఎప్పుడో చెప్పలేను గానీ లెక్క చెప్తాను. రోజుకి తిరిగే రైళ్లని గేటు దాటే బళ్లతో గుణిస్తే లక్ష దాటాలి, అప్పుడు ఖర్చు రైల్వే, రాష్ట్రం చెరిసగం పెట్టుకోవాలి, ఇదీ ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి. నలభై రైళ్లుంటే రెండున్నర వేల బళ్లు కావాలన్నమాట. ఎడ్లబండిని కూడా లెక్కేస్తారు, మీ ఊళ్లో ఇంకా ఉంటే.