పన్నెండు రోజులకే తిరిగి రమ్మనకండి

డాలస్‌లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఈ ఏడాది బయాలజీలో డిగ్రీ అయింది. మెడిసిన్‌కి వెళ్తుందనుకుంటే పీస్ కోర్‌లో (వాలంటీర్లను వేరే దేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) చేరి, సైన్స్ పాఠాలు చెప్తానని ఘనా వెళ్ళింది. పన్నెండు రోజులైంది. రోజూ ఫోన్‌లో ఏడుపే. 'నేనిక్కడ ఎందుకూ పనికిరాను' అంటోంది. మేం శాకాహారులం, తిండికీ ఇబ్బందే. టికెట్ కొని పంపమంటారా? వచ్చేస్తే రికార్డులో మచ్చలా ఉంటుందా? ఉండిపోతే రెండేళ్ళు దండగే కదా?"

అమ్మా, టికెట్ కొనకండి. ఆ అవసరమే రాదు. పీస్ కోర్ వాలంటీరు ఏ రోజు వెళ్ళిపోతానన్నా వాళ్ళే విమానం ఎక్కించి ఇంటికి పంపుతారు, జరిమానాలేమీ ఉండవు. మీ అమ్మాయి చేతిలో ఆ అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఈ వారమే తేల్చేయాల్సిందేమీ లేదు.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. మీ అమ్మాయి ఇంకా టీచరు కాదు. పీస్ కోర్ మొత్తం కాలం 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణే. ఒక స్థానిక కుటుంబంతో ఉంటూ భాష నేర్చుకోవాలి, నమూనా పాఠాలు చెప్పాలి. ఆ తర్వాతే ప్రమాణం చేయించి సొంత బడికి పంపుతారు. అంటే 'పనికిరాను' అంటున్న అమ్మాయి తన బడినీ, తన పిల్లల్నీ ఇంకా చూడనే లేదు. పరీక్ష రాయకుండానే ఫెయిలయ్యానంటోంది.

మరి ఏడుపెందుకు? డాలస్‌లో కారు నడిపి, నాలుగేళ్ళు యూనివర్సిటీలో నెగ్గుకొచ్చిన పిల్ల. అక్కడ బకెట్ నీళ్ళతో స్నానం, చేత్తో బట్టలు ఉతకడం ఆ ఇంటి చిన్నపిల్లలు నేర్పాల్సి వస్తుంది. ఉతికింది బాగా లేదని వాళ్ళే లాక్కుని మళ్ళీ ఉతుకుతారు కూడా. ఇరవై రెండేళ్ళ మనిషి ఒక్కసారిగా ఆరేళ్ళ పిల్లయిపోయినట్టుంటుంది. నాకు ఈ సంగతి కొంత అనుభవమే. నా మొదటి ఉద్యోగం ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళాను, పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడేవాళ్ళు. నా తెలుగు వాళ్ళకి అందేది కాదు. వారం రోజులు పాఠం చెప్పి, చివరికి ఒక్క ప్రశ్న అడిగితే తరగతి మొత్తం నన్ను చూసి నవ్వింది. ఆ రాత్రి పెట్టె సర్దుకున్నాను. పొద్దున బస్సు రాలేదు, అంతే. లేకపోతే ఈ సలహాలు మీకు వేరెవరో చెప్పేవాళ్ళు.

మీ అమ్మాయికి ఇంకో చిక్కుంది, తను పైకి చెప్పి ఉండకపోవచ్చు. ఘనాలో విదేశీయుల్ని 'ఒబ్రోని' అంటారు. వీధిలో పిల్లలు వెంటబడి అదే పిలుస్తారు. పైగా "నువ్వు అమెరికన్‌వి ఎలా అవుతావు, ఇండియన్‌లా ఉన్నావే" అని పెద్దవాళ్ళు అడుగుతారు. అక్కడ ఒక హిందీ సీరియల్‌ని ట్వి భాషలోకి డబ్బింగ్ చేసి వేస్తే ఊళ్ళకి ఊళ్ళు కూర్చుని చూశాయి. అందుకని హీరోయిన్ గురించి కూడా అడగొచ్చు! అమెరికాలో 'మీది ఏ దేశం' అన్న ప్రశ్న వింటూ పెరిగిన పిల్లకి ఆఫ్రికాలోనూ అదే ప్రశ్న ఎదురైతే మనసు చివుక్కుమంటుంది. మీరు 'ఏం తిన్నావ్' అని కాకుండా దీని గురించి అడిగి చూడండి.

ఫోన్ సంగతికొద్దాం. మీరు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఏడింటికి చేస్తే, ఈ వేసవి రోజుల్లో అక్కడ అర్ధరాత్రి పన్నెండు. రోజంతా ట్వి మాటలతో బుర్ర వాచిపోయిన పిల్లని ఆ వేళ కదిపితే ఏడవకేం చేస్తుంది? వారానికి రెండుసార్లు చాలు. శని, ఆదివారాల్లో మీ పొద్దుటి పూట చేయండి, అక్కడ మధ్యాహ్నమవుతుంది. 'వచ్చెయ్ తల్లీ' అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు. తను అనొచ్చు. మీరంటే 'అమ్మకి కూడా నా మీద నమ్మకం లేదు' అని అర్థమవుతుంది.

మీరు నిజంగా సాయపడగలిగింది ఒకటుంది. ఘనాలో ఏదైనా అడిగే ముందు పలకరింపు తప్పనిసరి. కొట్టు దగ్గరికి వెళ్ళి నేరుగా 'సబ్బు ఎంత' అంటే పొగరనుకుంటారు. ఎడమ చేత్తో ఏదైనా ఇవ్వడం, పుచ్చుకోవడం, చెయ్యి ఊపడం కూడా అవమానమే. చిన్నప్పుడు మీరు 'కుడిచేత్తో ఇవ్వవే', 'పెద్దవాళ్ళని పలకరించవే' అని ఎన్నిసార్లు విసుక్కున్నారో గుర్తుందా? ఆ పాఠాలన్నీ ఇప్పుడు పనికొస్తాయి. అమ్మమ్మ ఊరికి వెళ్తే ఎలా ఉంటావో అలా ఉండమని చెప్పండి. పీస్ కోర్ కరపత్రం కంటే తొందరగా అర్థమవుతుంది.

తిండి విషయంలో మీ దిగులు న్యాయమే. అక్కడ చాలామంది దృష్టిలో చేప మాంసం కిందికి రాదు. 'మాంసం తినను' అంటే కూరలో ఎండుచేప వేసి ప్రేమగా పెడతారు. 'మాంసం, చేప, రొయ్య, ఏదీ తినను' అని విడివిడిగా చెప్పాలి. ఆ మాట శిక్షణ సిబ్బంది చేత ఆ ఇంటావిడకి చెప్పించాలి. షిటో అని నల్లటి కారం ఒకటుంటుంది, చూడ్డానికి మన ఊరగాయలా నోరూరిస్తుంది, అందులో ఎండుచేప, రొయ్యపొడి ఉంటాయి. వాచే అంటే అన్నం, బొబ్బర్లు కలిపి వండింది. రెడ్ రెడ్ అంటే పామాయిల్‌లో వండిన బొబ్బర్లు, పక్కన వేయించిన పండు అరటి. ఈ రెండూ చేప లేకుండా చేయించుకోవచ్చు. కెంకె పులిసిన మొక్కజొన్న ముద్ద, అంబలి పులుపు అలవాటున్న నాలుకకి మరీ వింతేం కాదు.

అయితే సర్దుకోమని చెప్పకూడనివీ ఉన్నాయి. జ్వరమొస్తే, ఎవరైనా వేధిస్తే, ఇంట్లో భద్రత లేదనిపిస్తే, రోజుల తరబడి నిద్ర, తిండి మానేస్తే ఆ రోజే అక్కడి పీస్ కోర్ వైద్యాధికారికి గానీ భద్రత చూసే సిబ్బందికి గానీ చెప్పాలి. మలేరియా మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు. వీటిలో మొహమాటం వద్దు.

ఇక కెరీర్. మధ్యలో వచ్చేస్తే మచ్చేమీ పడదు. కాకపోతే కొన్ని పోతాయి. పూర్తికాలం చేసినవాళ్ళకి చివర్లో పన్ను కోతకు ముందు 10,000 డాలర్లకు పైగా ఇస్తారు. అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాలకు మామూలు పోటీ లేకుండా తీసుకునే వెసులుబాటు ఏడాదిపాటు ఉంటుంది. పై చదువుల ఫీజులో సాయం చేసే కవర్‌డెల్ ఫెలోషిప్‌లున్నాయి. 1961 ఆగస్టు 30న ఘనా రాజధాని అక్రాలో దిగిన మొదటి 51 మంది పీస్ కోర్ వాలంటీర్లు కూడా టీచర్లే, కాబట్టి ఆ దేశంలో ఈ పనికి అరవై ఏళ్ళకు పైగా అలవాటుపడ్డ వ్యవస్థ ఉంది. పన్నెండు పదిహేనేళ్ళ పిల్లలకి, ల్యాబ్ లేని గదిలో, బల్బూ బ్యాటరీతో కరెంటు పాఠం అర్థమయ్యేలా చెప్పగలిగితే, రేపు రోగికి రోగం గురించి చెప్పడానికి అంతకన్నా మంచి శిక్షణ నాకు తెలీదు. మెడికల్ స్కూలు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సరుకూ దొరుకుతుంది.

అసలు చూసుకోవాల్సింది ఎంక్యాట్, అంటే అమెరికాలో మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష. చాలా మెడికల్ స్కూళ్ళు రెండు మూడేళ్ళ లోపు స్కోరునే తీసుకుంటాయి. 27 నెలల సేవ, ఆ పైన దరఖాస్తుకు పట్టే ఏడాది కలిపితే ఇప్పటి స్కోరు చెల్లకపోవచ్చు. ఇంతకుముందే రాసి ఉంటే ఏ నెలలో రాసిందో, ఏ స్కూళ్ళు అనుకుంటోందో తననడిగి నాకు రాయండి. ఉండాలా రావాలా అన్న చర్చ మాత్రం తన బడిలో మొదటి టర్మ్ అయ్యాక పెట్టుకుందాం.