పొరుగు దేశాల వాణిజ్యం చదివితే ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం. మా అమ్మాయి తిరుపతిలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. పొరుగు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాలంటే దానికి చాలా ఇష్టం. ఎంఏ కూడా అందులోనే చేస్తానంటోంది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సమావేశాలే జరగడం లేదు, సరిహద్దులు మూసేస్తున్నారు అని పేపర్లో చదువుతున్నాం. ఇలాంటప్పుడు ఆ చదువుకు ఉద్యోగం ఎక్కడుంటుంది సార్? ఇంట్లో అందరూ బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటున్నారు. ఇంటర్‌లో తను హెచ్ఈసీ, లెక్కలు లేవు.

జవాబు: సార్క్ గురించి మీరన్నది నిజమేనండీ. 2014లో కాఠ్మాండూలో జరిగిన శిఖరాగ్ర సమావేశమే చివరిది. 2006 నుంచి అమల్లో ఉన్న సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) ఉన్నా, దక్షిణాసియా దేశాలు చేసే మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాల్లో అది ఐదో వంతుకు పైన, యూరోపియన్ యూనియన్‌లో సగానికి పైన. 2025 మే నుంచి పాకిస్తాన్ సరుకుల దిగుమతిని మన దేశం పూర్తిగా నిషేధించింది. బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు భూ సరిహద్దుల మీదుగా రాకుండా కోల్‌కతా, ముంబై దగ్గరి నవా షెవా రేవులకే పరిమితం చేసింది కూడా ఆ నెలలోనే. ఇవన్నీ చదివి మీరు వెనకాడటంలో తప్పేమీ లేదు.

కాకపోతే అందరూ కలిసి కూర్చునే పెద్ద వేదిక ఆగిపోయాక, పని ఇద్దరు ముగ్గురు దేశాల మధ్య విడివిడిగా నడుస్తోంది. నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు మొదటిసారి వెళ్లింది 2024 నవంబరులో. పదేళ్లలో 10,000 మెగావాట్లు నేపాల్ నుంచి కొనడానికి అదే ఏడాది జనవరిలో మన దేశం ఒప్పందం చేసుకుంది. బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల డీజిల్ పైపులైను 2019 నుంచి నడుస్తోంది. మన యూపీఐ భూటాన్, నేపాల్, శ్రీలంక దుకాణాల్లో పనిచేస్తోంది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న 7 దేశాల కూటమి బిమ్స్‌టెక్‌కు 2024 మేలో చార్టర్ (నిబంధనావళి) అమల్లోకి వచ్చింది. అక్కడ కూడా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి 2004లోనే చట్రం వేసుకున్నా, అసలు ఒప్పందం ఇంకా కుదరలేదన్నది మీ అమ్మాయి గుర్తుంచుకోవాలి. ఇంకోవైపు ఆసియాన్‌తో 2010 నుంచి, యూఏఈతో 2022 నుంచి ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలయ్యాయి.

సరిహద్దు మూసుకున్నప్పుడూ ఈ చదువుకు పని ఉంటుంది. ఒక దారి మూస్తే సరుకు ఏ రేవుకు మళ్లించాలి, ఏ ఒప్పందం కింద సుంకం తగ్గుతుంది, ఏ కాగితం తక్కువైందని కంటైనర్ ఆగింది అన్నది లెక్కగట్టే మనిషి కావాలి కదా. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది అక్కడే, ఢిల్లీ సదస్సుల్లో కాదు.

దేశాల దాకా ఎందుకు, మన జిల్లానే చూడండి. 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు పక్క రాష్ట్రాల కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. ఇక్కడి రైతుకు ధర నిలబడాలి, అక్కడి రైతుకు మన పల్ప్ ఫ్యాక్టరీ కావాలి. దేశాల మధ్య ఒప్పందాల్లో ‘సున్నిత జాబితా’ అనేది పుట్టేది సరిగ్గా ఈ పీటముడి దగ్గరే. సుంకం తగ్గించేది లేదని ప్రతి దేశం కొన్ని సరుకులను ఆ జాబితాలో పెట్టుకుంటుంది. సాఫ్టా ముందుకు సాగకపోవడానికి ఆ జాబితాలు పెద్దవి కావడం ఒక ముఖ్య కారణం. మీ అమ్మాయి తన ప్రాజెక్టుకు ఈ తోతాపురి గొడవనే తీసుకుంటే, ఢిల్లీలో కూర్చున్నవాళ్లు రాయలేనిది రాయగలదు.

ఇక ఈ రంగానికి ఆయువుపట్టు ఒకటుంది. దాన్ని ‘రూల్స్ ఆఫ్ ఆరిజిన్’ అంటారు, అంటే సరుకు ఏ దేశంలో పుట్టిందో తేల్చే నియమాలు. ఒప్పందం ఉన్నంత మాత్రాన సుంకం తగ్గదు. సరుకు నిజంగా ఆ దేశందేనని నిరూపించాలి. ఆసియాన్ ఒప్పందంలో మామూలు నియమం ప్రకారం రెండు షరతులు నెగ్గాలి. ప్రాంతీయ విలువ, అంటే సరుకు విలువలో ఒప్పంద దేశాల వాటా, కనీసం 35 శాతం ఉండాలి. బయటి ముడిసరుకుకున్న ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ (సరుకులను వర్గీకరించే అంతర్జాతీయ సంఖ్య), తయారైన వస్తువుకు వచ్చేసరికి మారి ఉండాలి.

శ్రీసిటీ పారిశ్రామికవాడ లాంటి చోట ఒక ఫ్యాక్టరీ 1,000 రూపాయల ఎగుమతి విలువ గల యంత్రం తయారు చేస్తోందనుకోండి. అందులో ఒప్పందంతో సంబంధం లేని దేశం నుంచి తెచ్చిన విడిభాగాలు 620 రూపాయలు. మిగిలింది 380, అంటే 38 శాతం. కోడ్ కూడా మారితే సర్టిఫికెట్‌కు అర్హత ఉన్నట్టే. ఇప్పుడు రూపాయి బలహీనపడి ఆ విడిభాగాల ఖర్చు 5 శాతం పెరిగింది, అమ్మకం ధర మాత్రం అంతే ఉంది. 620 కాస్తా 651 అయింది, ప్రాంతీయ విలువ 34.9 శాతానికి దిగింది. ఫ్యాక్టరీలో ఒక్క బోల్టు మారలేదు, అర్హత మాత్రం పోయింది. పాత లెక్క మీదే సర్టిఫికెట్ తీసుకుంటూ పోతే, కొన్న దేశంలో కస్టమ్స్ తనిఖీకి వచ్చినరోజు సుంకం తేడా, వడ్డీ, జరిమానా అన్నీ కలిసి పడతాయి. ఈ లెక్క ప్రతి నెలా తిరగేసి చూసే మనిషి కంపెనీకి ఎంత అవసరమో మీకే అర్థమవుతుంది. దిగుమతి చేసుకునేవాళ్లకూ ఇదే తలనొప్పి. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కారోటార్ నియమాల ప్రకారం, సరుకు ఆ దేశానిదే ఎలా అయిందో వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి, 5 ఏళ్లు దాచాలి. సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అంటే సరిపోదు.

హెచ్‌ఎస్ కోడ్ చదవడం ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. మొదటి రెండంకెలు అధ్యాయం, నాలుగుతో శీర్షిక, ఆరుతో ఉపశీర్షిక. అంతవరకు ప్రపంచమంతా ఒకటే. మన దేశం దాన్ని ఎనిమిదంకెల దాకా పొడిగించింది. మామిడి పండు 0804 కిందికి వస్తుంది, అదే మామిడి జ్యూస్ 2009 కిందికి వెళుతుంది. పల్ప్ ఎక్కడికి వస్తుందన్నది దాన్ని తయారు చేసిన తీరును బట్టి తేల్చుకోవాలి. కోడ్ ఒకటి తప్పితే సుంకం, రాయితీ, అనుమతులు అన్నీ తారుమారవుతాయి. కొత్తవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. ఒప్పందం రాసినప్పటి హెచ్‌ఎస్ కూర్పు ఒకటి, ఇప్పుడు వాడుకలో ఉన్న 2022 కూర్పు ఇంకొకటి. రెండింటినీ పోల్చుకోకుండా పాత పట్టికలో కొత్త కోడ్ వెతికితే దొరకదు, లేదా తప్పుది దొరుకుతుంది.

చదువు విషయానికి వస్తే, నాకు నిజంగా ఆందోళన కలిగిస్తున్నది లెక్కలు లేకపోవడం. మంచి ఎంఏ ఎకనామిక్స్‌లో మొదటి సెమిస్టర్‌లోనే డిఫరెన్షియేషన్, మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ వస్తాయి. హెచ్ఈసీ నుంచి వెళ్లిన పిల్లలు ఎక్కువమంది తడబడేది అక్కడే, తెలివి తక్కువై కాదు. ఇంకా సమయం చేతిలో ఉంది. ఇంటర్ రెండు సంవత్సరాల లెక్కల పుస్తకాల్లో కాలిక్యులస్, మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ భాగాలు రోజుకు గంటన్నర చొప్పున ఏడాది చేస్తే చాలు, త్రికోణమితి అంతా అవసరం లేదు. దాంతోపాటు ఎక్సెల్ బాగా రావాలి, తర్వాత ఆర్ లేదా స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్. వరల్డ్ బ్యాంక్ వారి విట్స్, ఐక్యరాజ్యసమితి వారి కామ్‌ట్రేడ్, మన వాణిజ్య మంత్రిత్వ శాఖ ఎగుమతి దిగుమతి డేటా బ్యాంక్ ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. మామిడి ఉత్పత్తులు మన దేశం నుంచి ఏయే దేశాలకు ఎంత పోతున్నాయో పదేళ్ల పట్టిక తనే వేసుకోగలిగితే సగం దారి వచ్చినట్టే.

ఎంఏకి ఎక్కడ అంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మనకు దగ్గర. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పోటీ చాలా ఎక్కువ. ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ (ఐఐఎఫ్‌టీ)లో ట్రేడ్, ఫైనాన్స్ మీదే ఎంఏ ఎకనామిక్స్ ఉంది. తన ఆసక్తికి నా మొదటి ఓటు దానికే. సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో 2010లో మొదలుపెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీని కూడా చూడండి. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ పిల్లల పక్కన కూర్చుని ఎకనామిక్స్ చదివే చోటు ఇంకెక్కడుంది? ప్రవేశ పద్ధతులు మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల ఆ ఏడాది ప్రకటననే చూసుకోండి, కోచింగ్ సెంటర్ కరపత్రాన్ని నమ్మొద్దు. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. చాలామంది డిగ్రీ పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఒకసారి వెళ్లి, అక్కడి పుస్తకాలు చదువుకోవడానికి వీలవుతుందా, సెమినార్లకు రానిస్తారా అని అడగమనండి.

మన ఆంధ్రా డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. దాన్ని సర్టిఫికెట్ కోసం ఎక్కడో తూతూమంత్రంగా ముగించకుండా, ఒక పల్ప్ ఫ్యాక్టరీ ఎగుమతి విభాగంలోనో, చెన్నైలో సరుకుకు కస్టమ్స్ అనుమతులు తెచ్చిపెట్టే కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులోనో, శ్రీసిటీ కంపెనీ లాజిస్టిక్స్ విభాగంలోనో చేయించండి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్, బిల్ ఆఫ్ లేడింగ్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఈ ఐదు కాగితాల్లో బరువు, పేరు, కోడ్ ఒకేలా ఉన్నాయా అని సరిచూడటం వస్తే అక్కడే కూర్చోబెట్టుకుంటారు. కంటైనర్లు ఆగేది చాలాసార్లు ఇలాంటి చిన్న తేడాలకే.

ఉద్యోగాల వరసలో, ప్రభుత్వంలో ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. ఎకనామిక్స్‌లో పీజీ, 21 నుంచి 30 ఏళ్ల వయసు, 1,000 మార్కుల రాత పరీక్ష, 200 మార్కుల ఇంటర్వ్యూ. ఖాళీలు చాలా తక్కువ కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. సివిల్స్ రాస్తే ఇండియన్ ట్రేడ్ సర్వీస్, కస్టమ్స్ కూడా దొరకొచ్చు. పరిశోధన ఇష్టమైతే ఢిల్లీలో ఆర్‌ఐఎస్, ఇక్రియర్ లాంటి సంస్థలున్నాయి, ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించాలి. త్వరగా సంపాదన కావాలంటే కస్టమ్స్ బ్రోకర్ దారి ఉంది. బ్రోకర్ దగ్గర చేరి, జీ కార్డు (బ్రోకర్ సిబ్బందికి కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు) పరీక్ష పాసై, అనుభవం వచ్చాక లైసెన్సు పరీక్ష రాయొచ్చు. అందులో 60 శాతం రావాలి. దాన్ని నిర్వహించే కస్టమ్స్ అకాడమీ (నాసిన్) ఇప్పుడు మన రాయలసీమలోనే, శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో ఉంది.

చిత్తూరు పిల్లలకు ఇంకో లాభముంది. ఇంట్లో తమిళం వినిపిస్తూనే ఉంటుంది. చెన్నై ఆఫీసుల్లో, కొలంబోతో మాట్లాడేటప్పుడు అది ఎంతో పనికొస్తుంది. చదవడం, రాయడం కూడా నేర్పించండి. శ్రీసిటీ వైపు మొగ్గితే జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో తొలి మెట్టు ఎన్5తో మొదలుపెట్టొచ్చు.

బ్యాంకు మాట. అది ఈ చదువుకు శత్రువేమీ కాదు. ఫారెక్స్ బ్రాంచిల్లో లెటర్ ఆఫ్ క్రెడిట్‌లు (కొన్నవాళ్ల తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలు), ఎగుమతి రుణాలు చూసేవాళ్లకు ఇదే చదువు పనికొస్తుంది. ఎగ్జిమ్ బ్యాంక్, రిజర్వ్ బ్యాంక్ ఆర్థిక విభాగం పీజీ ఉన్నవాళ్లను తీసుకుంటాయి. కానీ రెండో సంవత్సరంలోనే కోచింగ్‌లో వేస్తే లెక్కలకు మిగిలిన సమయం కాస్తా పోతుంది. ఈ సెలవుల్లో కాలిక్యులస్, వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాది ప్రవేశ పరీక్షలు. ఎంఏ సీటు అనుకున్నచోట రాకపోతే అప్పుడు బ్యాంకు కోచింగ్‌కు పంపండి, ఈలోగా చేసిన లెక్కలు ఆ పరీక్షలోనూ పనికొస్తాయి.