శిలాజ కలపలో వలయాలు ఉంటే అప్పట్లో చలి ఉండేదని చెప్పొచ్చా?

రాయిగా మారిన కలపలో వలయాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, కాబట్టి ఆ కాలంలో చలి ఎక్కువేనా అని అడిగారు. అంత మాట అనలేమండీ. చెట్టు ఏడాదిలో కొంతకాలం ఎదగడం ఆపేసిందని మాత్రం చెప్పగలం. ఆపింది చలా, నీటి కరువా, వెలుతురు లేకపోవడమా అన్నది వేరేగా తేల్చుకోవాలి.

నేను కొన్నేళ్లు శిలాజ కలపను కోసి థిన్ సెక్షన్లు చేశాను. రాయిని సుమారు 30 మైక్రాన్ల మందానికి, దానిగుండా వెలుగు వచ్చేదాకా అరగదీస్తాం. కలపను రాయిగా మార్చిన సిలికా అనే ఖనిజం చెట్టు కణాల గోడలను చక్కగా నిలిపి ఉంచితే మైక్రోస్కోప్ కింద కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. జోరుగా ఎదిగినప్పటి కణాలు పెద్దవి, గోడలు పల్చన. ఆగిపోయే ముందు పుట్టినవి చిన్నవి, గోడలు మందం. మొదటి రకం నుంచి రెండో రకానికి మార్పు ఎలా వచ్చిందన్నదే అసలు ఆధారం.

అంటార్కిటికాలో దొరికే పెర్మియన్ కాలపు కలపనే చూడండి, వయసు 25 కోట్ల ఏళ్ల పైమాటే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ దారిలోనే చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఏరి, చివరిదాకా వదలకుండా మోసిన సుమారు 16 కిలోల రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిపోయిన చెట్టు ఆకుల శిలాజాలు ఉన్నాయి. ఆ కాలపు అక్కడి చెట్ల వలయాల్లో పెద్ద కణాలే ఎక్కువ, చివరి మందపాటి కణాలు కొద్ది వరుసలే. వేసవంతా తరగని వెలుతురులో ఏపుగా పెరిగి, నెలల చీకటి ముంచుకురాగానే ఠక్కున ఆగిపోయాయన్నమాట. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం ఇది. అదే భూమధ్యరేఖ దగ్గరి కార్బోనిఫెరస్ (పెర్మియన్‌కు ముందటి) కాలపు, తర్వాత బొగ్గుగా మారిన అడవుల చెట్లలో చాలావాటికి వలయాలే ఉండవు.

కానీ తొందరపడకూడదు. ఒకసారి నేను సన్నని వలయాలున్న ముక్క చూసి అది ఎండు ప్రాంతపు చెట్టని రాసేశాను. మా గురువుగారు వలయాల వంపు చూడమన్నారు. వంపు బాగా ఎక్కువ, పైగా ఒకవైపు ఇరుకు, మరోవైపు వెడల్పు. అది కొమ్మ! కొమ్మలో వలయాలు సన్నగా ఉండటం మామూలే. ఆ రాత కొట్టేశాను.

దొంగ వలయాలూ ఉంటాయి. మధ్యలో వాన ముఖం చాటేసినా, పురుగులు ఆకులు తినేసినా ఏర్పడతాయి. వాటి అంచు రెండువైపులా మెల్లగా కలిసిపోతుంది. అసలు వలయానికి బయటి అంచు కోసినట్టు ఉంటుంది.

మీ ముక్కలో దవ్వ, అంటే కాండం నడిమధ్య ఉండే మెత్తని భాగం, ఉందేమో ముందు చూడండి. లేకపోయి, వలయాలు దాదాపు తిన్నని గీతల్లా ఉంటే అది పెద్ద మానుదే అయ్యుంటుంది, కొలవడానికి పనికొస్తుంది. సముద్రపు పురుగులు తొలిచిన బొరియలు కనిపిస్తే మాత్రం ఆ దుంగ ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు, దొరికిన చోటి వాతావరణాన్ని దానికి అంటగట్టకండి.