రాష్ట్రం మారితే కౌన్సెలర్ లైసెన్సు వెంట వస్తుందా?

ప్రశ్న: జార్జియాలో ఆరేళ్లుగా ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సుతో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. మావారికి కాలిఫోర్నియాకు బదిలీ అయింది. నాలుగు నెలల్లో ఇల్లు మారాలి. రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి జార్జియా లైసెన్సుతోనే అక్కడా పని చేసుకోవచ్చని నా స్నేహితురాలు అంటోంది. నిజమేనా? ఇప్పుడు నా దగ్గరకు వస్తున్నవారిని అక్కడి నుంచి వీడియోలో చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: ఒప్పందం ఉన్న మాట నిజమే కానీ, మీ విషయంలో అది పనికిరాదు. దాని పేరు కౌన్సెలింగ్ కాంపాక్ట్. 2021లో దానికి అందరికంటే ముందు చట్టరూపం ఇచ్చిన రాష్ట్రాలలో మీ జార్జియా ఒకటి, మేరీలాండ్ మరొకటి. పది రాష్ట్రాలు చేరగానే 2022లో అది అమలులోకి వచ్చింది, ఆ తరువాత సభ్యరాష్ట్రాల సంఖ్య ముప్పై దాటింది. అయితే చట్టం చేసినంత మాత్రాన ఇతర రాష్ట్రాలలో పని చేసే అనుమతులు చేతికి రావు. అరిజోనా, మిన్నెసోటా రాష్ట్రాలతో అనుమతుల జారీ మొదలయ్యేసరికి 2025 వచ్చింది. కాలిఫోర్నియా ఆ ఏడాదికి కూడా ఇందులో చేరలేదు.

ఇందులో చాలామంది గమనించని మరో మెలిక ఉంది. కాంపాక్ట్ కింద ఇతర రాష్ట్రాలలో పని చేసే హక్కు మీ సొంత రాష్ట్రపు లైసెన్సును ఆధారం చేసుకుని వస్తుంది. సొంత రాష్ట్రం అంటే మీరు స్థిరనివాసం ఉంటున్న సభ్యరాష్ట్రం అని ఒప్పందంలోనే నిర్వచించారు. మీరు కాలిఫోర్నియాకు కాపురం మార్చిన రోజు నుంచి జార్జియా మీ సొంత రాష్ట్రం కాదు. కాబట్టి కాలిఫోర్నియా మాట అటుంచి, మిగతా సభ్యరాష్ట్రాలలో కూడా ఆ హక్కును ఉపయోగించుకునే వీలు మీకు ఉండదు. జార్జియా లైసెన్సు మాత్రం రద్దు కాదు, గడువు తీరకుండా పునరుద్ధరించుకుంటూ ఉంటే అది జార్జియా వరకు చెల్లుతుంది. ఖర్చు దండగ అనుకుని దానిని వదులుకోవద్దని నా గట్టి సలహా.

కాలిఫోర్నియాలో మీ వృత్తికి ఇచ్చే లైసెన్సును ఎల్‌పీసీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ క్లినికల్ కౌన్సెలర్) అంటారు, దానిని బోర్డ్ ఆఫ్ బిహేవియరల్ సైన్సెస్ జారీ చేస్తుంది. కౌన్సెలర్లకు లైసెన్సు చట్టం వర్జీనియాలో 1976లోనే వస్తే, యాభై రాష్ట్రాలలో చిట్టచివరిదైన కాలిఫోర్నియాలో 2009లో వచ్చింది. ఈ ముప్పై మూడేళ్లలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడివిడిగా నియమాలు రాసుకున్నందువల్లే ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్నవారు కూడా సరిహద్దు దాటగానే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసి వస్తోంది. మీకు అనుకూలించే అంశం ఒకటుంది. మరో రాష్ట్రంలో కనీసం రెండేళ్లుగా ఏ ఆంక్షలూ లేని లైసెన్సు ఉన్నవారికి కాలిఫోర్నియా ప్రత్యేక మార్గం కల్పించింది. ఆ మార్గంలో వచ్చేవారు రాష్ట్ర చట్టాలు, వృత్తి నీతి మీద కోర్సు చేసి, అదే విషయం మీద రాష్ట్రం పెట్టే పరీక్షలో నెగ్గాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఇంకొన్ని చిన్న కోర్సులు కూడా ఉంటాయి.

అసలు ఆలస్యం కాగితాల దగ్గర జరుగుతుంది. లైసెన్సు ధ్రువీకరణ జార్జియా బోర్డు నుంచి, ట్రాన్స్‌క్రిప్ట్ (చదువు, మార్కుల వివరాల పత్రం) విశ్వవిద్యాలయం నుంచి అధికారికంగా అందాలి. నాకు తెలిసిన ఒకామె ట్రాన్స్‌క్రిప్ట్ మీద పుట్టింటి ఇంటిపేరు, లైసెన్సు మీద అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఆమె పేరు సరిచూసుకుందామని సీలు కవరు విప్పింది. విప్పిన కవరు చెల్లదన్నారు. మళ్లీ తెప్పించుకుని, పేరు మారినట్టు రుజువు జతచేసి పంపేసరికి నెలలు గడిచిపోయాయి. మీ పేరు అన్ని కాగితాలలో ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ఇక వీడియో సంగతి. సాధారణంగా, మాట్లాడే సమయంలో ఎదుటి మనిషి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్రపు లైసెన్సు మీకు ఉండాలి. కాబట్టి జార్జియాలో ఉన్నవారిని జార్జియా లైసెన్సుతో చూడడానికి దారి ఉంది. అయినా కాలిఫోర్నియా గడ్డ మీద కూర్చుని పని చేయబోతున్నారు కనుక, రెండు బోర్డులనూ, మీ బీమా సంస్థనూ రాతపూర్వకంగా అడిగి, జవాబులు భద్రపరచుకోండి. ప్రతి సమావేశం మొదట్లో "ఇప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?" అని అడిగి నోట్సులో రాయండి. తెర మీద క్లయింటు వెనుక కనిపించేది ఎప్పటి కారు సీటే కావచ్చు, ఆ కారు మాత్రం అలబామాలో అక్కగారి ఇంటి ముందు ఆగి ఉండవచ్చు. వేరే రాష్ట్రపు కౌన్సెలర్‌కు కాలిఫోర్నియా ఇచ్చే 30 రోజుల వెసులుబాటును చూసి పొరబడకండి. అది కాలిఫోర్నియాకు తాత్కాలికంగా వచ్చిన పాత క్లయింటు కోసం ఉద్దేశించినది, అక్కడ స్థిరపడిన కౌన్సెలర్ కోసం కాదు.

మీరు వెళ్తున్న సంగతి క్లయింట్లకు ఇప్పుడే చెప్పండి. కష్టం చెప్పుకోవడానికి ధైర్యం కూడగట్టుకుని వచ్చినవారిని చివరి వారంలో మరొకరికి అప్పగించి వెళ్లడం తగదు. చికిత్స మధ్యలో వదిలేయడాన్ని వృత్తి నియమావళి కూడా నిషేధిస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో అసోసియేట్ లైసెన్సుతో (పూర్తి లైసెన్సుకు ముందు ఇచ్చేది) సూపర్విజన్ గంటలు, అంటే సూపర్వైజరు పర్యవేక్షణలో పని చేయవలసిన గంటలు, పూర్తి చేస్తూ, సగంలో టెక్సాస్‌కు మారుతున్నాను. ఆ గంటలు పోతాయా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: పోకుండా చూసుకోవచ్చు కానీ, అది మీరు బయలుదేరే ముందు చేసే పనిని బట్టి ఉంటుంది. కాంపాక్ట్ మీకు ఆసరా కాదు, ఎందుకంటే అది స్వతంత్రంగా పని చేసే లైసెన్సు ఉన్నవారికే వర్తిస్తుంది. న్యూజెర్సీ 4,500 గంటలు అడిగితే టెక్సాస్ 3,000 అడుగుతుంది, అందులో 1,500 గంటలు క్లయింటుతో నేరుగా గడిపినవై ఉండాలి. మీ లాగ్ పుస్తకంలో క్లయింటుతో నేరుగా గడిపిన గంటలు, మిగతా గంటలు కలగలిసి ఉంటే ఇప్పుడే విడదీయండి. అక్కడ లైసెన్సులు ఇచ్చే టెక్సాస్ బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వారి ఫారాలు దించుకుని, మీ సూపర్వైజరు లైసెన్సు నంబరు, తేదీలు, గంటలు నింపి, ఎదురుగా కూర్చుని సంతకం చేయించుకోండి. రెండేళ్ల తరువాత ఆయన పదవీ విరమణ చేసి ఫోను నంబరు మార్చుకుంటే, ఆ సంతకం కోసం మీరు ఎవరిని అడగాలో కూడా తెలియదు.