విడాకుల జోలికి పోకుండా బాబు కోసం మాత్రమే అప్పీలు చేయొచ్చా?

ప్రశ్న: క్రూరత్వం కారణంగా నా భర్తకు ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇచ్చింది. నాకు సంపాదన లేదని మా ఏడేళ్ల బాబు కస్టడీ కూడా ఆయనకే ఇచ్చారు. నెలకు రెండు శనివారాలు, కోర్టు ఆవరణలో రెండు గంటలు చూడనిస్తారు. తీర్పు వచ్చి పన్నెండు రోజులైంది. విడాకుల మీద పోరాడే ఓపిక నాకు లేదు. బాబు కోసం మాత్రమే హైకోర్టుకు వెళ్లొచ్చా? ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు బాబును ఇంటికి తెచ్చేసుకోమని మావాళ్లు అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు మీవాళ్ల మాట సంగతి. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. మీ భర్త మర్నాడే కోర్టుకెక్కుతారు. బాబును మళ్లీ మీ చేతుల్లోంచి తీసుకెళ్తారు, వాడు ఏడుస్తూ వెళ్లాలి. పైగా హైకోర్టులో మీ కేసు పిలవగానే అవతలి లాయరు చదివేది ఆ సంగతే.

బాబు కోసం మాత్రమే అప్పీలు చేయొచ్చు. మీది హిందూ వివాహ చట్టం కింద కేసు అనుకుని చెబుతున్నాను. విడాకులకు ఒక ఓపీ (కోర్టులో వేసే అసలు పిటిషన్), కస్టడీకి వేరే ఓపీ ఉండి, రెండింటికీ కలిపి ఒకే తీర్పు ఇచ్చినా అప్పీళ్లు వేర్వేరుగా వేసుకోవాలి. ఒకటి వేసి ఇంకోటి వదిలేస్తే, వదిలేసింది ఖాయమైపోతుంది. గడువు దాటాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. అయితే అప్పీలు కాగితాల మీద సంతకం పెట్టే ముందు తీర్పును లాయరు చేత ఒక్కో పేరా చదివించుకోండి. మీరు క్రూరంగా ప్రవర్తించారని అందులో రాసిన మాటల్ని అలాగే వదిలేస్తే, కస్టడీ అప్పీలులో వాటినే మీ మీదికి తెస్తారు. భార్యాభర్తలుగా పొసగకపోవడం వేరు, తల్లిగా పనికిరాకపోవడం వేరు అని మీరు గట్టిగా వాదించవచ్చు. కానీ ఆ బరువు మీద పడుతుందని తెలిసే నిర్ణయించుకోవాలి.

గడువు దగ్గర చాలామంది దెబ్బతింటారు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులు అంటుంది. హిందూ వివాహ చట్టం 90 రోజులు అంటుంది. ఏది వర్తిస్తుందన్న వాదన మనకెందుకు, 30 రోజులే అనుకోండి. రేపే తీర్పు సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు, అర్జీ పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని గడువులోంచి మినహాయిస్తారు, అందుకే దాని మీద వేసే తేదీల ముద్రలు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫీజుకు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

సంపాదన లేదన్న కారణం నిలబడేది కాదని నా నమ్మకం. బాబు ఖర్చు భరించాల్సిన బాధ్యత, వాడు ఎవరి దగ్గర ఉన్నా తండ్రికి ఉంటుంది. డబ్బున్నంత మాత్రాన కస్టడీ రాదు, పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం మాత్రం మీకు పనికిరాదు, బాబు ఆ వయసు దాటాడు. మీరు చూపించాల్సింది వాడి రోజు ఎలా గడిచేదో. పొద్దున్నే స్కూలుకు ఎవరు తయారు చేశారు, ప్రోగ్రెస్ కార్డు మీద ఎవరి సంతకం ఉంది, జ్వరం వస్తే ఆసుపత్రి చీటీలో తోడు వచ్చినవారిగా ఎవరి పేరు రాశారు, ఇలాంటివి. ఇవి కింది కోర్టులో దాఖలు చేయకపోతే అప్పీలులో కొత్తగా పెట్టడానికి విడిగా అనుమతి అడగాలి, అది తేలిగ్గా ఇవ్వరు.

అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు. అందుకని దాంతోపాటే, అప్పీలు తేలేలోగా వర్తించే ఉత్తర్వుల కోసం మధ్యంతర పిటిషన్ వేయించండి. కలిసే చోటు కోర్టు ఆవరణ కాకుండా మార్చమని, సెలవుల్లో కొన్ని రాత్రులు మీ దగ్గర ఉండనివ్వమని, రోజూ వీడియో కాల్ కావాలని అడగండి. కస్టడీ లేని తల్లి లేదా తండ్రి వీలైతే రోజూ ఐదు పది నిమిషాలు పిల్లలతో మాట్లాడగలగాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకవేళ అప్పీలు ఓడినా కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు. పరిస్థితులు మారితే, అంటే మీకు ఉద్యోగం వచ్చినా, ఆయన ఇంట్లో బాబును చూసేవాళ్లు లేకపోయినా, మార్చమని ఫ్యామిలీ కోర్టునే మళ్లీ అడగొచ్చు.

అప్పటిదాకా ఒక్క శనివారం కూడా మానకండి. పావుగంట ముందే వెళ్లండి. వాళ్లు బాబును తీసుకురాకపోతే గొడవ పడకుండా, అదే రోజు జరిగింది రాసి కోర్టులో మెమోగా ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. ఆ రెండు గంటల్లో కేసు మాట ఎత్తకండి, ‘జడ్జిగారికి ఇలా చెప్పు’ అని అసలే నేర్పకండి. వాడికి ఇష్టమైన బొమ్మల పుస్తకం పట్టుకెళ్లి పక్కన కూర్చోండి.