రెండు పాస్‌పోర్టులు ఉంచుకోవచ్చా?

ప్రశ్న: ఏడేళ్లుగా మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జర్మనీ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతిస్తోంది కనుక, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నా భారత పాస్‌పోర్టు ఉంచుకోవచ్చని మిత్రులు అంటున్నారు. నిజమేనా? ఇక్కడికి రాకముందు ఖమ్మం జిల్లాలో కొన్న రెండెకరాలు, నాన్నగారి పేర ఉన్న పొలం ఏమవుతాయి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మిత్రుల మాటలో సగమే నిజం. 2024 జూన్ 27న అమలులోకి వచ్చిన సవరణతో, పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతును జర్మనీ తొలగించింది. ఎనిమిదేళ్ల నివాస గడువును ఐదేళ్లకు తగ్గించింది. అయితే మీ భారత పౌరసత్వం ఉంటుందా, పోతుందా అన్నది తేల్చేది భారత చట్టమే. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని తొమ్మిదవ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పొందినవారు, ఏ దరఖాస్తూ పెట్టకపోయినా, భారత పౌరులుగా కొనసాగరు. గడువు మిగిలి ఉంది కదా అని ఆ తరువాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణించరాదు. దానిని కాన్సులేట్‌లో అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చేయాలి. దీనికి సమయం పడుతుంది కనుక, పౌరసత్వ పత్రం అందుకున్న వెంటనే స్వదేశ ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది.

ఓసీఐ జీవితకాల వీసా వంటిదే తప్ప రెండవ పౌరసత్వం కాదు. దానితో ఓటు హక్కు గానీ, ఎన్నికలలో పోటీచేసే అర్హత గానీ రావు. మనసు మారితే తిరిగి భారత పౌరసత్వం పొందవచ్చులే అనుకోవడమూ తొందరపాటే. ఓసీఐగా నమోదై ఐదేళ్లు గడవాలి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారతదేశంలో నివసించాలి. ఈ నివాస నిబంధన దగ్గరే వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వం ఏళ్ల తరబడి వివాదంలో నలిగింది. ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చింది.

ఇక పొలం సంగతి. భారతదేశంలో నివసిస్తూ కొన్న రెండెకరాలూ మీవిగానే ఉంటాయి. నాన్నగారి భూమి వారసత్వంగా రావడానికీ అడ్డంకి లేదు. కానీ ఆయన ఇప్పుడే దానపత్రం రాసి ఇస్తానంటే వద్దనండి: విదేశీ మారక నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమిని కొనే, దానంగా పుచ్చుకునే వీలు ఓసీఐలకు లేదు. నిజానికి భారత పౌరురాలైన ఎన్నారైగా మీకు ఈనాడూ ఆ వీలు లేదు. కనుక భూమి విషయంలో పాస్‌పోర్టు మారినంత మాత్రాన మీరు పెద్దగా నష్టపోయేదేమీ ఉండదు. ఎప్పుడైనా అమ్మదలచుకుంటే, కొనేవారు భారతదేశంలో నివసిస్తున్న భారత పౌరులై ఉండాలి.