తెలుగులో ఉన్న ఊర్ల పేర్లు లైక్‌తో ఎందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం లెక్కలకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. రైతుల టేబుల్‌లో ఒకే ఊరిని కొందరు గీసుగొండ అని, కొందరు గీసుకొండ అని ఎక్కించారు. నడుమ ఒక్క అక్షరమే కదా తేడా అని లైక్ (నమూనాతో వెతికే ఎస్‌క్యూఎల్ మాట)లో 'గీసు_డ' పెడితే ఒక్క రో (వరుస) కూడా రాలేదు. '%పేట' పెడితే వస్తున్నాయి గానీ చాలా ఆలస్యమవుతోంది.

లైక్‌లో అండర్‌స్కోర్ (_) ఏదైనా ఒక్కదానికి, పర్సెంట్ (%) ఎన్నింటికైనా సరిపోతుంది. అండర్‌స్కోర్ మనం పలికే అక్షరాన్ని కాదు, యూనికోడ్ కోడ్ పాయింట్‌ను (కంప్యూటర్‌లో ఒక్కో గుర్తుకు ఉండే నంబర్) లెక్క పెడుతుంది. 'గొం' మన కంటికి ఒకటే, డేటాబేస్‌కు మూడు: గ, ఒత్వం, సున్నా. కాబట్టి మూడు అండర్‌స్కోర్లు కావాలి:

సెలెక్ట్ * ఫ్రమ్ రైతులు వేర్ ఊరు లైక్ 'గీసు___డ';

ఇది రెండు రాతలనూ పట్టుకుంటుంది. అదే హన్మకొండ, హనుమకొండ అయితే 'హన_మకొండ' చాలు. ఒకదాంట్లో పొల్లు, ఇంకోదాంట్లో కొమ్ము, రెండూ ఒక్కొక్క కోడ్ పాయింటే. ఎవరైనా హనమకొండ అని కొట్టి ఉంటే మాత్రం నడుమ ఏమీ లేదు, అండర్‌స్కోర్‌కు దొరకదు. అప్పుడు 'హన%మకొండ' వాడండి, పర్సెంట్ గుర్తు సున్నా అక్షరాలకూ సరిపోతుంది. అనుమానం ఉన్న పేరును చార్_లెంగ్త్‌తో కొలిచి చూడండి, ఊహించి అండర్‌స్కోర్లు పెట్టొద్దు.

అసలు ఎక్కువ సతాయించేది కంటికి కనపడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే (రెండు అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు). హసన్‌పర్తిలో 'న్' కింద 'ప' ఒత్తు పడకుండా ఆపేది అదే. ఒకరు అది పెట్టి కొడతారు (పొడవు 10), ఇంకొకరు పెట్టకుండా కొడతారు (పొడవు 9). వరంగల్ చివర కూడా కొన్ని కీబోర్డులు దాన్ని తగిలిస్తాయి, అక్కడైతే స్క్రీన్ మీద తేడా అస్సలు తెలియదు. ఎక్సెల్ నుంచి తెచ్చిన డేటాలో చివరి ఖాళీలూ ఇంతే: 'నర్సంపేట' తర్వాత ఒక స్పేస్ ఉంటే '%పేట'కు అది రాదు.

దీన్ని ప్రతి క్వెరీలో సర్దుకోవడం కంటే వెతకడానికి వేరే కాలమ్ పెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. అసలు కాలమ్‌ను ముట్టుకోవద్దు, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) మీద ప్రింట్ అయ్యేది అదే, జెడ్‌డబ్ల్యూఎన్‌జే తీసేస్తే హసన్‌పర్తి అక్షరాలు చెడిపోతాయి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి జనరేటెడ్ కాలమ్ (వేరే కాలమ్ నుంచి తనంతట తానే నిండే కాలమ్) ఉంది:

ఆల్టర్ టేబుల్ రైతులు యాడ్ కాలమ్ ఊరు_వెతుకు టెక్స్ట్ జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ (ట్రిమ్(రీప్లేస్(ఊరు, సీహెచ్‌ఆర్(8204), ''))) స్టోర్డ్;

(కీవర్డులు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.) 8204 అంటే జెడ్‌డబ్ల్యూఎన్‌జే కోడ్ నంబర్, వెతికే మాట నుంచి కూడా దాన్ని ఇలాగే తీసేయాలి. ఒకవైపే తీస్తే ఫలితం ఉండదు.

ఇక ఆలస్యం సంగతి. బీ-ట్రీ ఇండెక్స్ (పోస్ట్‌గ్రెస్ మామూలుగా చేసే ఇండెక్స్, త్వరగా వెతకడానికి పెట్టుకునే పట్టిక) మొదటి అక్షరం నుంచి వరుసలో ఉంటుంది. 'నర్సం%' అంటే ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలుసు, '%పేట' అంటే తెలియదు, టేబుల్ మొత్తం చదువుతుంది. 'నర్సం%'కు కూడా డేటాబేస్ కొలేషన్ (అక్షరాలను వరుసలో పెట్టే పద్ధతి) సీ కాకపోతే మామూలు ఇండెక్స్ పనికిరాదు, టెక్స్ట్_ప్యాటర్న్_ఆప్స్‌తో (లైక్ కోసం ఉన్న ఇండెక్స్ ఆప్షన్) చేయాలి. చాలామంది ఇక్కడే ఇండెక్స్ ఉన్నా ఎందుకు వాడట్లేదని తల పట్టుకుంటారు.

నర్సంపేట, వర్ధన్నపేట, కాజీపేట లాగా చివరి భాగంతోనే వెతికేదుంటే రివర్స్(ఊరు_వెతుకు) మీద అదే ఆప్స్‌తో ఇండెక్స్ చేసి, రివర్స్(ఊరు_వెతుకు) లైక్ రివర్స్('పేట') || '%' అని రాయండి. తిప్పిన తెలుగు చూడడానికి వింతగా ఉంటుంది, పని మాత్రం సరిగ్గా చేస్తుంది. నడుమ భాగంతో వెతకాలంటే పీజీ_టీఆర్‌జీఎం ఎక్స్‌టెన్షన్ (మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా చేసేది), దాని మీద జిన్ అనే రకం ఇండెక్స్ వాడాలి. దానికి ముందు షో_టీఆర్‌జీఎం('నర్సంపేట') నడిపి చూడండి. లొకేల్ (డేటాబేస్ భాషా సెట్టింగ్) సీ అయితే తెలుగుకు ఖాళీగా రావచ్చు. ఖాళీగా వస్తే ఆ ఇండెక్స్ చేసి లాభం లేదు. ఏది చేసినా ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో (క్వెరీ ఎలా నడిచిందో చూపేది) సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) పోయిందో లేదో చూసుకోండి.

రిమార్క్స్ కాలమ్‌లో పత్తికి 'తేమ 10%' అని రాసుకుంటారు కదా, అక్కడ '%10%' పెడితే 10 క్వింటాళ్లు, 100 బస్తాలు అన్నీ వస్తాయి. లైక్ '%10!%%' ఎస్కేప్ '!' అని రాయాలి, అంటే ! తర్వాత వచ్చే %ను మామూలు గుర్తుగానే చూడమని. పారామీటర్ బైండింగ్ (యూజర్ కొట్టిన మాటను క్వెరీలో విడిగా పంపడం) ఇంజెక్షన్‌ను (ఆ మాట క్వెరీలో దూరి దాన్ని మార్చడాన్ని) ఆపుతుంది గానీ యూజర్ కొట్టిన %, _ గుర్తులను ఎస్కేప్ చేయదు. అది మీ కోడ్‌లోనే చేయాలి, ముందు ! గుర్తును, తర్వాత ఆ రెండింటినీ.

నాట్ లైక్ వాడేచోట ఊరు నల్‌గా (ఏమీ ఎక్కించకుండా) ఉన్న రైతులు లైక్‌లోనూ రారు, నాట్ లైక్‌లోనూ రారు. వాళ్లు కూడా కావాలంటే చివర 'ఆర్ ఊరు ఈజ్ నల్' చేర్చండి.